చెడుకు మూలం, దేవుని భవిష్యద్ జ్ఞానం: గుంటూరులో జరిగే వేదాంత తరగతులపై ఒక సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో ఒక సంఘ మందిరానికి ఆనుకుని ఉన్న హాలులో శనివారం సాయంత్రాలు బైబిలు వేదాంత తరగతులు నడుస్తున్నాయి. చెడు ఎక్కడి నుంచి వచ్చింది, రాబోయే చెడును దేవుడు ముందే ఎరిగి ఉంటే దానికి జవాబుదారీ ఎవరు అన్న అంశం మీద ఇటీవల ముగిసిన తరగతులకు రుసుము కట్టి హాజరైన శ్రోతగా ఈ సమీక్ష రాస్తున్నాను. రుసుము 600 రూపాయలు. స్పైరల్ బైండింగ్ చేసిన పాఠ్య ప్రతి, విరామంలో టీ, బిస్కెట్లు అందులోనే వస్తాయి. బోధించేది చాలాకాలం వేదాంత పాఠాలు చెప్పి విశ్రాంత జీవితం గడుపుతున్న పాస్టరుగారు. హాలులో అందరూ ఆయనను అయ్యగారూ అనే పిలుస్తారు కనుక నేనూ అలాగే రాస్తాను.

భవిష్యద్ జ్ఞానం గురించి చెప్పిన పాఠాలు ఎంతటి చదువరులకైనా పనికివస్తాయి. సాతాను పతనం గురించిన పాఠం ఫరవాలేదనిపిస్తుంది. ప్రకృతి వైపరీత్యాల గురించి చెప్పినది మాత్రం కట్టిన రుసుముకు న్యాయం చేయలేదు.

మన ప్రాంతంలో ఈ చర్చను మొదట్లోనే పక్కదారి పట్టించేది తలరాత అన్న భావన. దేవునికి అంతా ముందే తెలుసు అని పాస్టరు చెబితే, నుదుట అలా రాసిపెట్టాడు కాబట్టి అలా జరిగింది అనే అర్థంలోనే వింటాం. క్రైస్తవ కుటుంబాల్లో పుట్టి పెరిగినవారు కూడా చావు ఇళ్లలో ఇదే మాట అంటారు. అయ్యగారు తొలి తరగతిని పూర్తిగా ఈ ముడి విప్పడానికే కేటాయించారు. పంచాంగంలో ఫలానా రోజున గ్రహణమని అచ్చువేసినంత మాత్రాన గ్రహణం పట్టదని, పట్టబోతోంది కాబట్టే అచ్చువేశారని ఆయన చెప్పినప్పుడు హాలులో చాలామంది తలలూపారు. ఆ వెంటనే యేసు శిష్యుడు పేతురు కథకు వచ్చారు. కోడి కూయకముందే నన్ను ఎరుగనంటావని యేసు చెప్పిన మాటను పేతురు తన చెవులతో విన్నాడు, అలా జరగదని గట్టిగా వాదించాడు, తెల్లవారేలోగా సరిగ్గా అలాగే చేశాడు. అయినా తన చేత ఆ మాటే అలా చేయించిందని అతడు ఎక్కడా అనలేదు. బయటికి వెళ్లి ఏడ్చాడు. తప్పు తనదని తెలిసినవాడి ఏడుపు అది అని అయ్యగారి వ్యాఖ్య.

అప్పుడే వెనుక వరసలోంచి ఒక డిగ్రీ విద్యార్థిని లేచి, "పంచాంగం రాసిన సిద్ధాంతిగారు సూర్యచంద్రులను చేయలేదు కదండీ అయ్యగారూ, దేవుడు చేశాడు కదా" అని అడిగింది. ఈ తరగతులన్నిటిలో నేను విన్న అత్యుత్తమమైన ప్రశ్న అదే. ముందుగా తెలియడం వేరు, జరిపించడం వేరు అన్న భేదం చూస్తూ ఊరుకున్నవాడికి సరిపోతుంది. సృష్టించినవాడికి అంత సులువుగా సరిపోదు. ఏమి జరుగుతుందో తెలిసి, చేయకుండా ఉండగలిగి కూడా చేసినవాడు, నాకు తెలియడం వల్ల అది జరగలేదు అన్నంత మాత్రాన ప్రశ్న తీరిపోదు. అయ్యగారు దాన్ని దాటవేయకుండా బోర్డు మీద ఒక మూల రాయించి, చివరి తరగతి దాకా తుడవనివ్వలేదు.

చెడుకు మూలం గురించిన పాఠం అగస్టీనుతో మొదలైంది. క్రీ.శ. 354 నుంచి 430 వరకు జీవించిన ఈ ఉత్తర ఆఫ్రికా బిషప్పు యౌవనంలో సుమారు తొమ్మిదేళ్లు మానీ మతాన్ని అనుసరించాడు. మంచి, చెడు అనాది నుంచీ పోరాడుతున్న రెండు శక్తులని ఆ మతం చెప్పేది. దాన్ని వదిలిన తరువాత అగస్టీను, చెడు సృష్టించబడిన పదార్థం కాదని, ఉండవలసిన మంచి లోపించడమే చెడు అని వాదించాడు. దేవుడు చేసినవన్నీ మంచివే అయినప్పుడు చెడును ఆయన చేసిన వస్తువుల పట్టికలో వెతకనక్కరలేదు అన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. ఇది తర్కానికి నిలుస్తుంది. అయితే రోగిష్టి బిడ్డ పక్కన కూర్చున్న తల్లికి, నీ బిడ్డలో ఉన్నది కేవలం ఒక లోపమే అని చెప్పడం ఎంతవరకు ఓదార్పు అవుతుందో అని నాకు అనుమానమే.

ఆ తరువాత సాతాను. యెషయా 14లోని "తేజోనక్షత్రమా, వేకువచుక్కా" అన్న పిలుపును, యెహెజ్కేలు 28లోని విలాపాన్ని మన ప్రసంగాల్లో నేరుగా సాతాను జీవిత చరిత్రగా చెప్పడం పరిపాటి. మొదటిది బబులోను రాజును, రెండవది తూరు రాజును ఉద్దేశించినవని ఆ అధ్యాయాలే చెబుతున్నాయని, ఆదికాండము 3లో సాతాను పేరు లేదని, సర్పాన్ని సాతానుగా స్పష్టంగా గుర్తించేది ప్రకటన గ్రంథమని అయ్యగారు నిజాయితీగా వివరించారు. ఈ మాట విని ముందు వరసలో ఇద్దరు ముగ్గురు పెద్దలు నొచ్చుకున్నట్టు కనిపించారు గాని, బోధకుడు చేయవలసిన పని అదే. ఇక్కడి నుంచి ఆయన లూథరన్ల మూల విశ్వాస పత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 19వ అధికరణానికి వెళ్లారు. ప్రకృతిని సృష్టించి పోషించేది దేవుడే అయినా, పాపానికి కారణం దేవుని నుంచి తొలగిపోయిన దుష్టుల చిత్తమే, అంటే అపవాదిదీ భక్తిహీనులదీ అని ఆ అధికరణం చెబుతుంది. 1842లో హేయర్ మిషనరీగా అడుగుపెట్టినప్పటి నుంచి లూథరన్ వారసత్వం బలంగా ఉన్న గుంటూరులో ఈ అధికరణాన్ని కంఠస్థం చేసినవారు ఉంటారేమో గాని, ఇంత విడమరచి వినడం అరుదు.

హవ్వను సర్పం శోధించింది సరే, మంచిగా చేయబడి తరువాత సాతానుగా మారిన దూతను ఎవరు శోధించారు అన్నది తరువాతి మెట్టు. చెడు చిత్తానికి చేసే కారణం ఏదీ లేదని, దాన్ని వెతకడం చీకటిని చూడాలని, నిశ్శబ్దాన్ని వినాలని ప్రయత్నించడం వంటిదని అగస్టీను సమాధానం. అయ్యగారు దీన్ని గొప్ప సమాధానంగా చెప్పారు. నాకు అది సమాధానం కంటే, ఇక ముందుకు దారి లేదని మర్యాదగా చెప్పడంలా వినిపించింది. ఆ మాట పైకి అడిగే లోపే కరెంటు పోయి, జనరేటరు వేసేసరికి పాఠం మారిపోయింది.

రోమన్ తత్వవేత్త బోయెతియస్ గురించిన తరగతి ఒక్కదానికే 600 రూపాయలు ఇవ్వవచ్చు. రాజద్రోహ నేరం మోపబడి మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ సుమారు 524లో ఆయన చెరసాలలో రాసిన గ్రంథం సారాంశాన్ని ఆదరాబాదరా లేకుండా చెప్పారు. దేవునికి కాలం వరసగా గడవదు. గతం, వర్తమానం, భవిష్యత్తు అన్నీ ఆయనకు ఒక్కసారిగా ఎదుట ఉంటాయి. కాబట్టి ఆయన ముందుగా చూస్తాడనడం కూడా మన వైపు నుంచి అనే మాటే. ఒక మనిషి నడుస్తుండగా నేను చూస్తున్నానంటే అతడు నడవక తప్పదు, కాని నా చూపు అతని కాళ్లను కదిలించదు. అనివార్యత రెండు రకాలని, షరతు మీద ఆధారపడే అనివార్యత స్వేచ్ఛను హరించదని ఈ ఒక్క ఉదాహరణతో తేటతెల్లం చేశారు. 1577 నాటి మరో లూథరన్ విశ్వాస పత్రం కాంకార్డ్ సూత్రం 11వ అధికరణం కూడా భవిష్యద్ జ్ఞానాన్ని, ఎన్నికను (రక్షణకు దేవుడు మనుషులను ఏర్పరచుకోవడాన్ని) వేరుచేసి, దేవుని ముందెరుక మంచివారికీ చెడ్డవారికీ సమంగా వర్తిస్తుందని, అయితే అది చెడుకు కారణం కాదని చెబుతుందని దీనికి జోడించారు.

16వ శతాబ్దపు ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్‌ను ఎత్తిపొడవకుండా చెప్పినందుకు మెచ్చుకోవాలి. దేవుడు ఆదాము పతనాన్ని చూశాడనడంతో కాల్విన్ ఆగలేదు. అది ఆయన నిర్ణయంలోనిదే అన్నాడు, అయినా మనిషి తన సొంత దోషం వల్లనే పడ్డాడని కూడా అన్నాడు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన ఎలా నిలుస్తాయో వివరించడానికి అయ్యగారు అపొస్తలుల కార్యములు 2:23 చదివించారు. సిలువ దేవుని సంకల్పాన్నీ భవిష్యద్ జ్ఞానాన్నీ అనుసరించి జరిగిందని, అయినా చంపింది మీరేనని పేతురు ఒకే వాక్యంలో అంటాడు. తప్పించుకునే దారి ఇవ్వని వాక్యం అది.

మొలీనా వాదాన్ని మాత్రం అరగంటలో చుట్టేశారు. 1588లో ఈ స్పెయిన్ దేశపు జెస్యూటు (కతోలిక సన్యాస సంఘ సభ్యుడు) చెప్పిన మధ్యమ జ్ఞానానికి బైబిలులో దొరికే ఆధారాల్లో 1 సమూయేలు 23 ముఖ్యమైనది. నన్ను తరుముతున్న సౌలు రాజు వస్తాడా, వస్తే నేనున్న ఈ కెయీలా ఊరివారు నన్ను అప్పగిస్తారా అని దావీదు అడుగుతాడు. వస్తాడు, అప్పగిస్తారు అని యెహోవా చెబుతాడు. దావీదు ఊరు విడిచిపోతాడు, సౌలు రాకుండా మానుకుంటాడు. అంటే జరగబోయేవే కాక, పరిస్థితి వేరైతే జరిగి ఉండేవి కూడా దేవునికి తెలుసన్నమాట. డొమినికన్లు అనే మరో కతోలిక సన్యాస సంఘానికీ జెస్యూటులకూ మధ్య దీని చుట్టూ సాగిన వివాదాన్ని 1607లో పోపు ఐదవ పౌలు ఏ పక్షానికీ తీర్పు ఇవ్వకుండా ఆపివేశాడు. పాఠ్య ప్రతిలో ఈ భాగం రెండు పేజీలే. అందులో ఒకటి జిరాక్సులో సగం వెలిసిపోయింది. భవిష్యత్తులోని స్వేచ్ఛా నిర్ణయాలు ఇంకా లేవు కాబట్టి తెలుసుకోవడానికి అక్కడ ఏమీ లేదనే ఇటీవలి అమెరికా వేదాంతుల వాదాన్ని, సౌలును రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడని చెప్పే అధ్యాయమే ఆయన పశ్చాత్తాపపడడని కూడా చెబుతోందని చూపి పక్కన పెట్టారు. ఆ వాదానికి ఇంకాస్త సమయం ఇవ్వవలసింది.

యేసును అప్పగించిన శిష్యుడు యూదా ఇస్కరియోతు మీద జరిగిన చర్చలో హాలు నిజంగా వేడెక్కింది. ఆ మనిషి పుట్టకపోయి ఉంటే అతనికి మేలు అని యేసే అంటాడు. మరి పుట్టకుండా ఉంటే మేలని తెలిసినవాడు ఎందుకు పుట్టనిచ్చాడు? పేతురు విశ్వాసం తప్పిపోకుండా నేను ప్రార్థించానని లూకా 22లో ఉంది కదా, యూదా కోసం ఎందుకు ప్రార్థించలేదని మరొకరు అడిగారు. "వాక్యం చెప్పని చోట నేను చెప్పను" అన్నారు అయ్యగారు. నిజాయితీగల మాటే. అయితే బోర్డు మూలన ఉన్న ప్రశ్న కూడా సరిగ్గా ఇదే, దానికి చివరి తరగతిలో వచ్చిన సమాధానం కూడా దాదాపు ఇంతే: ప్రేమించగల జీవులను చేయాలంటే తిరస్కరించగల జీవులను చేయక తప్పదు, ఆ తిరస్కారం మూల్యాన్ని దేవుడు సిలువపై తానే మోశాడు. ఇందులో రెండవ సగం నాకు బలంగా తోచింది. మొదటి సగానికి, ఎప్పుడూ స్వేచ్ఛగా మంచినే ఎంచుకునే మనుషులను ఎందుకు చేయలేదని 1955లో నాస్తిక తత్వవేత్త జె.ఎల్. మాకీ వేసిన ప్రశ్న, అలాంటి లోకాన్ని ఏర్పరచడం సర్వశక్తిమంతుని ఒక్కని చేతిలోనే ఉండదంటూ క్రైస్తవ తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా 1974లో చెప్పిన జవాబు పాఠ్య ప్రతిలో లేకపోవడం పెద్ద లోటు.

ఇక ప్రకృతి. దివిసీమ నుంచి వచ్చిన ఒక పెద్దాయన 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి అడిగారు. అక్కడ ఎవరి స్వేచ్ఛా చిత్తం పనిచేసింది, సముద్రం ఎవరి పాపానికి ఊళ్ల మీదికి వచ్చింది అన్నది ఆయన ప్రశ్న. పతనమైన సృష్టి మూలుగుతున్నదని రోమా పత్రిక 8వ అధ్యాయం చెబుతోందని అయ్యగారు ఐదు నిమిషాల్లో ముగించారు. తుపానులు ఆదాము అపరాధం వల్ల పుట్టాయనుకుంటే, మనిషి లేని కాలంలో సముద్రాలు ఎలా ప్రవర్తించాయో చెప్పవలసి వస్తుంది. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది యెరూషలేములోని మిగతావారికంటే అపరాధులు కారని లూకా 13లో యేసు చెప్పిన మాట ఆ పెద్దాయనకు ఎంతో అవసరం. దాన్ని చదివించనే లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీటిలో సింగ్ నగర్ మునగడం చూసిన విజయవాడ వాళ్లు హాలులో ఉండగా ఈ అంశాన్ని ఇంత తేలికగా దాటడం నాకు నచ్చలేదు.

సౌకర్యాల సంగతి క్లుప్తంగా చెబుతాను. కుర్చీలు బాగున్నాయి, ఫ్యాన్ల చప్పుడుకు వెనుక వరసల వారికి మైకు సరిగా వినబడదు, స్కూటర్లు పెట్టుకోవడానికి లోపల చోటుంది, కార్లు రోడ్డు మీదే. పాఠ్య ప్రతిలో యెహెజ్కేలు 28 అని ఉండవలసిన చోట 38 అని పడింది. తరగతి ఆరున్నరకు అని చెప్పి ఏడు దాటాక మొదలుపెట్టి, ప్రశ్నల సమయాన్ని తొమ్మిదికి నెడతారు. విజయవాడ బస్సు అందుకోవలసినవారు అప్పటికి లేచిపోతారు. మంచి ప్రశ్నలు అడిగినవారిలో సగం మంది విజయవాడ వాళ్లే కాబట్టి, తరువాతి బ్యాచ్‌లో ప్రశ్నల సమయాన్ని టీ విరామానికి ముందుకు మార్చి, మొలీనాకు ఒకటి, ప్రకృతి వైపరీత్యాలకు ఒకటి చొప్పున రెండు తరగతులు పెంచాలని నిర్వాహకులకు రాతపూర్వకంగా ఇచ్చాను. అందుకు రుసుము 800 చేసినా నేను మళ్లీ పేరు ఇస్తాను.