సూపర్‌మార్కెట్ బిల్లుల మీద ఏరూల్స్, ఎమ్‌ఎల్‌ఎక్స్‌టెండ్, వేకా, స్పార్క్: ఏళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. బిల్లుల్లోంచి అసోసియేషన్ రూల్స్, అంటే "ఇది కొన్నవాళ్లు అది కూడా కొంటారు" అనే సూత్రాలు, తీసే పని చేసేవాళ్లు ఒక్క టూలే నేర్చుకోగలిగితే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న ఏరూల్స్ ప్యాకేజీ నేర్చుకోండి. అది స్పీడుగా పనిచేస్తుందని కాదు, స్పీడు ఇప్పుడు అన్నిట్లోనూ ఉంది. తీసిన రూల్స్‌లో పనికిరానివి ఏరిపారేయడానికి కావలసిన సరంజామా అంతా అందులోనే ఉంది, మిగతావాటిలో అది సగమో పావో దొరుకుతుంది. ఈ పనిలో అసలు కష్టం రూల్స్ దొరకకపోవడం కాదు, కుప్పలుగా వచ్చిపడినవాటిని వదిలించుకోవడం.

నేను చూసేవి ఎక్కువగా గుంటూరు, తెనాలి వైపు చిన్న సూపర్‌మార్కెట్ల బిల్లులు. ఓనర్లు అడిగేవి సూటి ప్రశ్నలు: ఏ రెండు సరుకులు ఒకే బిల్లులో కలిసి పోతున్నాయి, ఏది ఏ రాక్ పక్కన పెట్టాలి, ఒకటి స్టాక్ అయిపోతే దాంతోపాటు ఇంకేది అమ్ముడవడం తగ్గుతుంది. ఈ ప్రశ్నలకు పనికొచ్చిందా లేదా అన్నదే నా కొలత.

కొత్తవాళ్ల కోసం లెక్క ఒకసారి చెబుతాను, ఎందుకంటే టూల్స్ మంచిచెడ్డలు ఈ లెక్క తెలిస్తేనే అర్థమవుతాయి. ఏరూల్స్‌తో పాటు గ్రోసరీస్ అనే డేటా వస్తుంది. ఒక కిరాణా దుకాణంలో 30 రోజుల బిల్లులు, మొత్తం 9,835, సరుకుల రకాలు 169. అందులో పాలు ఉన్న బిల్లులు 2,513, అంటే పాతిక శాతం కంటే కాస్త ఎక్కువ. ఇది పాల సపోర్ట్. యోగర్ట్ కొన్న బిల్లుల్లో 40 శాతం బిల్లుల్లో పాలు కూడా ఉన్నాయి, ఇది కాన్ఫిడెన్స్. మామూలుగా పాలు కొనేది పాతిక శాతం మంది అయితే యోగర్ట్ కొన్నవాళ్లలో 40 శాతం కొంటున్నారు, అంటే 1.57 రెట్లు, ఇది లిఫ్ట్. ఇప్పుడు సోడా చూడండి. సోడా కొన్న బిల్లుల్లో 23 శాతం బిల్లుల్లో పాలు ఉన్నాయి. కాన్ఫిడెన్స్ ఒక్కటే చూస్తే ఏదో సంబంధం ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ లిఫ్ట్ 0.9, అంటే సోడా కొన్నవాళ్లు మామూలు కంటే తక్కువగా పాలు కొంటున్నారు. రూలు చెప్పేది, నిజంగా జరిగేది ఒకదానికొకటి ఎదురు. అగ్రవాల్, ఇమిలిన్‌స్కీ, స్వామి 1993లో ఈ పద్ధతి ప్రతిపాదించినప్పుడు సపోర్ట్, కాన్ఫిడెన్స్ రెండే ఉన్నాయి. అగ్రవాల్, రామకృష్ణన్ శ్రీకాంత్ ఇద్దరూ కలిసి 1994లో ఈ రూల్స్ వెతికే అప్రియోరి అనే పద్ధతి ఇచ్చినప్పుడూ అంతే. ఆ రెండు సరిపోవని 1997లో బ్రిన్, మోత్వానీ, ఉల్మన్, సుర్ గట్టిగా చెప్పారు. ఇన్నేళ్ల తర్వాత కూడా కాన్ఫిడెన్స్ ఒక్కదాన్ని బట్టే రూల్స్‌ను వరసలో పెట్టి రిపోర్టు ఇచ్చేవాళ్లు కనిపిస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే దాన్ని నమ్మి డబ్బు పెట్టేది షాపు ఓనరు.

ఇక ఏరూల్స్. హాస్లర్, గ్రూన్, హోర్నిక్ రాసిన ప్యాకేజీ ఇది, లోపల అప్రియోరి, అలాంటిదే ఇంకో పద్ధతి ఎక్లా, రెండూ క్రిస్టియన్ బోర్గెల్ట్ రాసిన సీ కోడ్‌తో నడుస్తాయి. మొదటిసారి వాడేవాళ్లకు ఇది కాస్త నిరాశ కలిగిస్తుంది. ఏమీ మార్చకుండా నడిపితే సపోర్ట్ కనీసం 0.1 (పది శాతం), కాన్ఫిడెన్స్ కనీసం 0.8 ఉన్న రూల్సే తీసుకుంటుంది, గ్రోసరీస్ డేటా మీద ఒక్క రూలూ రాదు. సపోర్ట్‌ను 0.001కి దించితే 410 వస్తాయి. సున్నాకీ 410కీ మధ్య ఎక్కడ ఆగాలో మీ వ్యాపారమే చెప్పాలి, టూలు చెప్పదు.

ఆ 410లో పైకి తేలేది ఏమిటంటే, లిక్కర్, రెడ్ వైన్ కొన్నవాళ్లు సీసా బీరు కూడా కొంటారని. కాన్ఫిడెన్స్ 90 శాతం, లిఫ్ట్ 11 దాటింది. చూడగానే ఎవరికైనా కళ్లు మెరుస్తాయి. వెనక్కి వెళ్లి లెక్కపెడితే 21 బిల్లుల్లో 19 అంతే. బియ్యం, పంచదార కొన్నవాళ్లు నూటికి నూరు శాతం పాలు కొంటారని ఇంకో రూలు ఉంది, అది నిలబడింది 12 బిల్లుల మీద. 9,835 బిల్లుల్లో 12! 169 సరుకుల్ని రెండేసి కలిపితేనే 14,196 జతలు, మూడేసి నాలుగేసి కలిపితే ఇంకెన్నో. అన్ని కలయికల్లో వెతికితే యాదృచ్ఛికంగా కొన్ని అద్భుతంగా కనిపించి తీరతాయి. అందుకే ఏరూల్స్‌లో ఉన్న ఈజ్-సిగ్నిఫికెంట్ అనే ఫంక్షన్‌ను నేను ఎప్పుడూ వదలను, అది ఒక్కో రూలుకీ యాదృచ్ఛికంగా వచ్చిందా కాదా అని చూసే ఫిషర్ పరీక్ష చేసి, ఎన్ని రూల్స్ పరీక్షించామో దాన్ని బట్టి గీత బిగించే వీలు కూడా ఇస్తుంది. ఈజ్-రిడండెంట్ ఇంకోటి. "నెయ్యి, బెల్లం, యాలకులు కొంటే జీడిపప్పు" అనే రూలు కాన్ఫిడెన్స్ "నెయ్యి, యాలకులు కొంటే జీడిపప్పు" అనేదాన్ని మించకపోతే పెద్దది అనవసరం, తీసిపారేస్తుంది. ఇది నడిపాక జాబితా ఎంతలా తగ్గుతుందో చూస్తే ప్రాణం లేచొస్తుంది.

నాకు బాగా నచ్చిన ఇంకో సదుపాయం అగ్రిగేట్. గ్రోసరీస్‌లో 169 సరుకులకు పైన 55 ఉపవర్గాలు, వాటి పైన 10 పెద్ద వర్గాలు ఉన్నాయి, ఏ మెట్టు మీద కావాలంటే ఆ మెట్టు మీద రూల్స్ తీసుకోవచ్చు. మన షాపుల్లో ఇది లేకపోతే పనే జరగదు. కందిపప్పు అరకిలో ప్యాకెట్, కిలో ప్యాకెట్, లూజు, ఇంకో బ్రాండు, ఇలా ఒకే పప్పు పది కోడ్లుగా విడిపోయి ఉంటుంది. దేనికదే విడిగా చూస్తే ఒక్కదానికీ సపోర్ట్ చాలదు. అన్నీ "కందిపప్పు" కిందికి తెస్తే చింతపండుతోనో ఎండుమిర్చితోనో ఉన్న సంబంధం బయటపడుతుంది. ఈ వర్గాల పట్టిక మాత్రం మనమే కూర్చుని చేసుకోవాలి. బిల్లింగ్ కౌంటర్లో ఒకరు "కంది పప్పు" అని, ఇంకొకరు "తూర్ దాల్" అని కొట్టి ఉంటారు. ఏ టూలూ దీన్ని మీకోసం చేసిపెట్టదు. నా సమయంలో సింహభాగం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా.

మీరు ఏ టూల్ వాడినా ముందు తీసేయాల్సినవి కొన్ని ఉన్నాయి. డబ్బులిచ్చి కొనే క్యారీ బ్యాగు మొదటిది. అది బిల్లులో ఒక వస్తువుగా పడుతుంది కాబట్టి ఏది కొన్నా క్యారీ బ్యాగు అని వందల రూల్స్ వస్తాయి. కంపెనీ కాంబో ఆఫర్లు రెండోవి. షాంపూతో కండిషనర్ ఉచితంగా ఇస్తూ రెండు లైన్లుగా బిల్లు కొడితే కాన్ఫిడెన్స్ నూరు శాతం వస్తుంది, అది జనం అలవాటు కాదు, కంపెనీ నిర్ణయం. మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, నెల సరుకుల బిల్లులు. ఒకటో తారీఖు తర్వాత వచ్చే ఆ పొడవాటి బిల్లుల్లో ఇంట్లోకి కావలసినవన్నీ ఉంటాయి, కాబట్టి ఉప్పుకీ టూత్‌పేస్టుకీ, ఆవాలకీ డిటర్జెంట్‌కీ సంబంధం ఉన్నట్టు లిఫ్ట్ పైకి లేస్తుంది. అక్కడ ఉన్న సంబంధం ఒక్కటే, రెండూ నెల సరుకులు. నేను బిల్లుల్ని పొడవును బట్టి రెండుగా విడదీసి విడివిడిగా నడుపుతాను. ఏరూల్స్‌లో దీనికి సైజ్ ఫంక్షన్ ఉంది, ఒక్క లైనులో అయిపోతుంది.

ఏరూల్స్‌లో నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. అప్రియోరికి అయిదు సెకన్ల గడువు ముందే పెట్టి ఉంటుంది. పెద్ద డేటా మీద అది దాటితే దొరికినంతవరకే ఇచ్చి ఒక హెచ్చరిక చూపిస్తుంది, స్క్రిప్టు రాత్రిపూట దానంతటదే నడిచేలా పెట్టుకున్నవాళ్లకు ఆ హెచ్చరిక కంటపడదు. మ్యాక్స్‌టైమ్ విలువ మార్చుకోవడం తప్పనిసరి. రూలుకి కుడివైపు, అంటే "అది కూడా కొంటారు" అనే వైపు, ఒక్క వస్తువే వస్తుంది, నాకది పరిమితి కాదు, ఓనరుకి చెప్పడానికి అదే సులువు. అసలు అడ్డంకి ఆర్ భాష. తెలియనివాళ్లకు బిల్లుల డేటాకు ఏరూల్స్ వాడే ట్రాన్సాక్షన్స్ అనే ప్రత్యేక రూపం కొరుకుడు పడడానికి టైమ్ పడుతుంది.

పైథాన్ వాళ్లకు ఎమ్‌ఎల్‌ఎక్స్‌టెండ్ ఉంది, సెబాస్టియన్ రాష్కా మొదలుపెట్టింది. అప్రియోరి, ఎఫ్‌పీ-గ్రోత్, ఎఫ్‌పీ-మ్యాక్స్ అనే వెతికే పద్ధతులు మూడూ ఉన్నాయి, ఫలితం పైథాన్‌లో పట్టికల కోసం వాడే పాండాస్ లైబ్రరీ మామూలు పట్టికలా వస్తుంది. మిగతా పని అంతా పైథాన్‌లో ఉంటే ఇంతకంటే హాయి లేదు. కానీ బిల్లులన్నిటినీ సరుకుల నిలువు వరసలుగా అవును-కాదు పట్టిక చేసి ఇవ్వాలి. గ్రోసరీస్‌ లాంటి చిన్న డేటాలోనే అలాంటి గళ్లు పదహారు లక్షలు దాటతాయి, అందులో నిండేవి రెండున్నర శాతం చిల్లర, మిగతావన్నీ ఖాళీ. వేల సరుకులు, లక్షల బిల్లులు ఉన్న షాపు డేటా అలా పెడితే ల్యాప్‌టాప్ మెమరీ చాలదు, నిండిన గళ్లను మాత్రమే దాచే స్పార్స్ పద్ధతి వాడుకోవాలి. ఇక్కడ అప్రియోరి పక్కన పెట్టి ఎఫ్‌పీ-గ్రోత్ వాడండి, సమాధానం రెండిటికీ ఒకటే, టైమ్ తేడా మాత్రం తెలుస్తుంది. హాన్, పే, యిన్ 2000లో ఎఫ్‌పీ-గ్రోత్ తెచ్చిందే అందుకు, బిల్లుల్ని ఒక చెట్టుగా మడిచిపెట్టుకుంటుంది కాబట్టి పరీక్షించాల్సిన జతలన్నీ తయారుచేసి మళ్లీ మళ్లీ డేటా అంతా చదవక్కర్లేదు. ఎమ్‌ఎల్‌ఎక్స్‌టెండ్ కుడివైపు ఎన్ని వస్తువులైనా పెడుతుంది, అయిదు సరుకుల గుంపు ఒక్కటి దొరికితే 30 రూల్స్ చేస్తుంది, ఏరూల్స్ పద్ధతిలో అయితే అయిదే. ఆ గుట్టను తగ్గించే ఫంక్షన్లు మాత్రం పెద్దగా లేవు, మనమే రాసుకోవాలి. నాకు ఇది పెద్ద లోటు.

వేకా గురించి ఎక్కువ చెప్పను. న్యూజిలాండ్ వైకాటో యూనివర్సిటీ వాళ్లది, కోడ్ రాయకుండా మౌస్‌తో నడపవచ్చు, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో చాలామంది మొదట చూసేది ఇదే. దాని అప్రియోరి సపోర్ట్‌ను పైనుంచి 0.05 చొప్పున దించుకుంటూ, కాన్ఫిడెన్స్ 0.9 ఉన్న పది రూల్స్ దొరకగానే ఆగిపోతుంది. నేర్చుకునే పిల్లలకు మంచిదే. కానీ దాంతో వచ్చే సూపర్‌మార్కెట్ డేటా మీద నడిపితే ఆ పదీ ఒకే మాట చెబుతాయి: బిస్కెట్లు, పళ్లు, ఫ్రోజెన్ ఫుడ్స్, మొత్తం బిల్లు ఎక్కువ, కాబట్టి బ్రెడ్, కేకు. పైన నేను చెప్పిన నెల సరుకుల సమస్య ఇదే, అక్కడ "బిల్లు ఎక్కువ" అని రూల్లోనే రాసి ఉంది. టీచర్లు దీన్నే చూపించి పాఠం చెబితే ఎంతో మేలు.

పెద్ద డేటాను చాలా కంప్యూటర్లకు పంచి నడిపే స్పార్క్‌లోని ఎఫ్‌పీ-గ్రోత్ ఒక షాపుకి అక్కర్లేదు. పెద్ద చెయిన్ మొత్తం బిల్లులు ఒకచోట ఉంటే అప్పుడు ఆలోచించండి. ఒకే బిల్లులో ఒకే వస్తువు రెండుసార్లు వస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, కౌంటర్లో పాల ప్యాకెట్లు ఒక్కొక్కటిగా స్కాన్ చేసే మన దగ్గర ఇది మొదటి రోజే ఎదురవుతుంది. ముందే డూప్లికేట్లు తీసేయాలి. ముందే పెట్టి ఉండే సపోర్ట్ 0.3, కిరాణా బిల్లులకు అది మరీ ఎక్కువ.

ఇవన్నీ "ఉందా లేదా" అనే చూస్తాయి. ఎంత కొన్నారు, ఎంత మిగిలింది అన్నది చూడవు. ఉప్పు ప్రతి బిల్లులో ఉంటుంది, మిగిలేది తక్కువ, నెయ్యి అరుదు, మిగిలేది ఎక్కువ. ఓనరుకి కావలసింది రెండోది. దీనికి ఫిలిప్ ఫోర్నియర్-విగెర్ జావాలో చేసిన ఎస్‌పీఎమ్‌ఎఫ్ ఉంది, అందులో లాభాన్ని కూడా లెక్కలోకి తీసుకునే హై యుటిలిటీ పద్ధతులున్నాయి, ఉచితం. వస్తువుల పేర్లను అంకెలుగా మార్చి దాని ఫైల్ పద్ధతిలో రాయడం విసుగే, అయినా ఆ ఒక్క పనికి నేను దీన్నే వాడతాను, చేసిన శ్రమ వృథా పోలేదు.

పండగల సంగతి ఒకటి మిగిలింది. సంక్రాంతి ముందు బెల్లం, నువ్వులు, బియ్యప్పిండి కలిసి వెళ్తాయి, అయ్యప్ప దీక్షల్లో కర్పూరం, నెయ్యి, కొబ్బరికాయలు. ఏడాది బిల్లులన్నీ కలిపి నడిపితే వీటి సపోర్ట్ పలచబడి కిందికి పోతుంది. ఏ టూలూ వీటిని తనంతట తాను పట్టుకోదు, తేదీలు చూసుకుని మనమే ముక్కలు చేయాలి. అలా ముక్కలు చేసినప్పుడు ఏరూల్స్ ఇంకో మేలు చేస్తుంది: ఒక నెల బిల్లుల్లో దొరికిన రూల్స్‌ను తర్వాతి నెల బిల్లుల మీద పెట్టి సపోర్ట్, కాన్ఫిడెన్స్, లిఫ్ట్ మళ్లీ లెక్కగట్టమనవచ్చు, ఇంట్రెస్ట్-మెజర్ అనే ఫంక్షన్‌లో రీయూజ్ (పాత లెక్కే వాడడం) వద్దని చెబితే చాలు. రెండో నెల కూడా లిఫ్ట్ నిలబడిన రూల్స్ మాత్రమే నేను ఓనరు ముందు పెడతాను. అవి ఎప్పుడూ చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి, రాక్ మార్చడానికి ఒప్పుకునేది కూడా వాటికే.