పాత ఇంట్లో ఆస్బెస్టాస్: ఉంచడమా, కప్పడమా, తీయించడమా?

మరమ్మతులు చేయించబోయే పాత ఇంట్లో ఆస్బెస్టాస్ (రేకుల్లో, పలకల్లో, పూతల్లో కలిపే పోగుల ఖనిజం) ఉందని తెలియగానే చాలామంది దాన్ని వెంటనే పీకించేయాలనుకుంటారు. ఆ తొందరే ప్రమాదం తెచ్చిపెడుతుంది. గోడలోనో పైకప్పులోనో కదలకుండా ఉన్న ఆస్బెస్టాస్ కంటే, కోసినప్పుడూ పగలగొట్టినప్పుడూ గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లో చేరే దాని సన్నని పోగులతోనే ముప్పు ఎక్కువ.

సిమెంటులో గట్టిగా కలిసిపోయిన రేకులు, నేలకు పరిచిన పాత వినైల్ (ప్లాస్టిక్) పలకలు పగుళ్లు లేకుండా ఉన్నంతకాలం ఆ పోగులను పట్టి ఉంచుతాయి. అలాంటివాటిని ముట్టుకోకుండా, ఎక్కడెక్కడ ఉన్నాయో రాసి పెట్టుకొని, అప్పుడప్పుడు పరిశీలిస్తూ ఉండడమే మేలని నా అభిప్రాయం. ఆ సంగతి తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్‌కు తప్పక చెప్పాలి. తెలియక వేసిన రంధ్రం జాగ్రత్తనంతా వృథా చేస్తుంది.

ఉపరితలం కాస్త అరిగినచోట ప్రత్యేకమైన పూత వేయించడం, పాత పలకలను గీకకుండా వాటిపైనే కొత్త నేల పరిపించడం మధ్యేమార్గం. ఆస్బెస్టాస్ ఇంట్లోనే ఉండిపోతుంది కనుక, ఇల్లు చేతులు మారితే కొత్త యజమానికి తెలపవలసిన బాధ్యత మిగులుతుంది.

పైపులకు చుట్టిన పాత తొడుగు, పైకప్పుకు చల్లిన పూత వంటివి చేతితో నలిపితే పొడి అవుతాయి. అవి దెబ్బతిని ఉన్నా, కూల్చబోయే గోడలో ఏ రకం ఆస్బెస్టాస్ ఉన్నా, ముందుగా తీయించడమే సరైనది. కానీ అది శిక్షణ పొందినవారి పని: గదిని పాలిథిన్‌తో మూసి, పదార్థాన్ని తడుపుతూ తీసి, అతి సన్నని ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టరున్న యంత్రంతో శుభ్రం చేసి, చివరకు గాలిని పరీక్షించాలి. ఇంట్లోని చీపురూ మామూలు వాక్యూమ్ క్లీనరూ పోగులను మరింత లేపుతాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. పైగా ఈ పోగుల వల్ల ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్, వాటిని పీల్చిన తర్వాత సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లు గడిచాక, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. దుమ్ము పీల్చిన రోజున దగ్గు కూడా రాకపోవచ్చు. అందుకే ఖర్చు మిగుల్చుకోవడానికి సొంతంగా సుత్తి పట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఏ దారి ఎంచుకోవాలన్నా ముందు పరీక్ష జరగాలి, కంటితో చూసి ఆస్బెస్టాస్‌ను గుర్తించలేం. ఇల్లు కట్టిన సంవత్సరం అనుమానానికి ఆధారమిస్తుంది: ఉదాహరణకు బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివరి నుంచి దీన్ని పూర్తిగా నిషేధించాయి కనుక, అక్కడ అంతకుముందు కట్టిన ఇళ్లలో ఇది ఉండవచ్చు. నమూనాను నిపుణులచేతనే తీయించి, ప్రయోగశాల ఫలితం వచ్చేదాకా ఆ గదిలో పని ఆపి ఉంచాలి.