కుక్కకు గోకుడు పట్టుకుంటే: గోకుడు ఆపే సూదా, గొర్రెల మందా, నమిలే మాత్రా – ఏది మేలు?

కుక్క రాత్రంతా గోక్కుంటుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. తెల్లారగానే ఆసుపత్రికి తీసుకెళ్లి "సార్, ఈ గోకుడు ఆగేలా ఏదో ఒక సూది వేయండి" అంటారు. కడపలో కుక్కలు పెంచేవాళ్లు, వీధికుక్కలకు అన్నం పెట్టేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేదీ ఇదే: సూది మంచిదా, మాత్ర మంచిదా, వేపనూనె రాస్తే సరిపోతుందా? నేను చెప్పేది మాత్రం మందుకంటే ముందు సంగతి. చర్మం గీకి, వచ్చిన దాన్ని గాజు స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూడనిదే ఏ మందు మేలో చెప్పడం కుదరదు. గజ్జి, డెమోడెక్స్ అనే చర్మపు పురుగు, తామర, ఫ్లీ (ఒంటి మీద దూకుతూ రక్తం తాగే చిన్న పురుగు) కాటు అలర్జీ, తిండి అలర్జీ – అన్నిటిలోనూ జుట్టు రాలుతుంది, చర్మం ఎర్రబడుతుంది, చుండు లేస్తుంది. పైకి చూసి పోల్చడం అనుభవమున్న డాక్టరుకే కష్టం. ఇక ఫోన్‌లో ఫొటో చూసి మందు చెప్పేవాళ్ల మాట నమ్మడమెలా?

గోకుడు ఆపే సూదా, గీకి చూడటమా?

ఆ పూటకు గోకుడు ఆపే సూది అంటే చాలాసార్లు స్టెరాయిడే. సాయంత్రానికల్లా కుక్క హాయిగా పడుకుంటుంది, మనకు టెన్షన్ తగ్గుతుంది. ఫ్లీ కాటుకు అలర్జీ వచ్చి నడుము మీద, తోక మొదట్లో రక్తం వచ్చేలా కొరుక్కునే కుక్కకు కొద్దిరోజుల స్టెరాయిడ్ నిజంగానే మేలు చేస్తుంది. దాన్ని విషంలా చూడాల్సిన పనిలేదు.

చిక్కంతా కారణం తెలియకుండా వేసినప్పుడే. డెమోడెక్స్ పురుగులు వెంట్రుకల కుదుళ్లలో ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లోనూ కొద్దో గొప్పో ఉంటాయి, రోగనిరోధక శక్తి వాటిని అదుపులో ఉంచుతుంది. స్టెరాయిడ్ ఆ అదుపునే సడలిస్తుంది. కంటి చుట్టూనో మూతి మీదో రూపాయి బిళ్లంత బోడి మచ్చతో వచ్చిన నాలుగు నెలల కుక్కపిల్లకు చాలాసార్లు ఏ మందూ లేకుండానే తగ్గిపోతుంది. అదే పిల్లకు వారానికో స్టెరాయిడ్ సూది పడితే ఒళ్లంతా పాకి, చీము పట్టి, నెలల తరబడి వైద్యం చేయాల్సి వస్తుంది. తామరకూ ఇంతే: ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, ఫంగస్ మాత్రం పెరుగుతూ పోతుంది.

గీకి చూడటం భయపడాల్సిన పరీక్ష కాదు. డాక్టరు మొద్దు చేసిన బ్లేడుకు ఒక చుక్క లిక్విడ్ పారఫిన్ పూసి, మచ్చ దగ్గర చర్మాన్ని రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కుతారు. అలా నొక్కితేనే కుదుళ్లలో దాక్కున్నవి పైకి వస్తాయి. తర్వాత ఒకే వైపుగా, సన్నటి రక్తపు చెమ్మ కనబడేదాకా గీకుతారు. వచ్చిన దాన్ని స్లైడు మీద రాసి, పైన కవర్‌స్లిప్ పెట్టి, తక్కువ పవర్ లెన్సు కింద చూస్తారు. డెమోడెక్స్ అయితే చుట్ట ఆకారంలో పొడుగ్గా, ముందువైపు పొట్టి కాళ్లతో కనిపిస్తుంది. గజ్జి పురుగు సార్కోప్టిస్ గుండ్రంగా ఉంటుంది. ఒక్కసారి మైక్రోస్కోపులోంచి మీరూ చూడండి, మందు ఎందుకు మానకూడదో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ పరీక్షకూ ఒక లోపముంది. డెమోడెక్స్ ఉంటే చాలావరకు దొరుకుతుంది కానీ, సార్కోప్టిస్ ఉన్నా స్లైడులో కనబడకపోవడం మామూలే. అందుకని స్లైడులో ఏమీ లేదన్నంత మాత్రాన గజ్జి లేదని అనుకోకూడదు. చెవి అంచును వేళ్ల మధ్య కాసేపు రుద్దినప్పుడు వెనక కాలు దానంతటదే గోకడం మొదలుపెడితే, చెవి అంచులు, మోచేతులు, పొట్ట మీద చుండు కట్టి ఉంటే, ఇంట్లో మనుషులకూ చేతుల మీద, నడుము దగ్గర దురద పొక్కులు లేస్తుంటే, స్లైడు ఏం చెప్పినా డాక్టర్లు గజ్జికి మందు మొదలుపెడతారు. మనుషులకు వచ్చిన ఆ దురద గురించి కంగారు వద్దు. కుక్క గజ్జి పురుగు మన చర్మంలో సంతానం పెంచుకోలేదు, కుక్కకు నయమైతే మనకూ తగ్గిపోతుంది.

మన ఊళ్లో మైక్రోస్కోపు లేదంటే, జిల్లాలోనే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. నెల నెలా సూదులకు పెట్టే డబ్బుతో పోలిస్తే ఒకసారి బస్సెక్కి వెళ్లి చూపించుకు రావడమే చవక.

గొర్రెల సూదిమందా, నమిలే మాత్రా?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన సీమలో కుక్కల ప్రాణాల మీదికి తెచ్చేది ఈ బేరమే. గొర్రెలు ఎక్కువున్న ప్రాంతం కాబట్టి పశువుల మందుల షాపులో పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ సీసా ఎప్పుడూ ఉంటుంది.

"అన్నా, కుక్కకు గజ్జి లేసింది. గొర్రెలకేసే సూదిమందు ఇయ్యి."

"ఎంత కుక్కప్పా?"

"మామూలు కుక్కేలే."

అంతే, సీసా చేతికొచ్చేస్తుంది. ఆ మందు ఒక శాతం బలం ఉన్నదైతే, ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు ఉంటాయి. గొర్రెకు కిలోకు 0.2 మిల్లీగ్రాముల లెక్కన ఒక మిల్లీలీటరు 50 కిలోల బరువుకు సరిపోతుంది. పది కిలోల నాటు కుక్కకు అదే లెక్కన పడాల్సింది 0.2 మిల్లీలీటర్లు. సిరంజి మీద అది రెండు చిన్న గీతలు. చేతి వాటంగా ఒక మిల్లీలీటరు ఎక్కిస్తే ఐదింతలు పోసినట్టు. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి జాతుల్లోనైతే సరైన మోతాదే ప్రమాదం కావచ్చు: ఎండీఆర్1 అనే జన్యువు దెబ్బతిన్న కుక్కల్లో మందు మెదడులోకి చేరిపోతుంది. ఈ జన్యు లోపాన్ని 2001లో గుర్తించారు. మందు మెదడుకు ఎక్కితే చొంగ కార్చడం, తూలడం, చూపు పోవడం, చివరికి కోమా. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు.

అలాగని ఐవర్‌మెక్టిన్‌ను తీసిపారేయలేం. డాక్టరు కుక్కను తూకం వేసి, జాతి చూసి, రెండు వారాల తేడాతో రెండు మూడు సార్లు వేస్తే గజ్జికి బాగా పనిచేస్తుంది, ఖర్చూ తక్కువ. అన్నిసార్లు ఎందుకంటే, గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి. ఒక్క సూదితో ఆపేస్తే గజ్జి మళ్లీ లేస్తుంది, జనం మందును తిడతారు.

నమిలే మాత్రలు వేరే రకం మందు. అఫోక్సోలానర్, సరోలానర్ నెలకొకటి. ఫ్లురలానర్ అయితే ఒక్కటి పన్నెండు వారాలు పనిచేస్తుంది. గజ్జి, డెమోడెక్స్, ఫ్లీస్, పిడుదులు – నాలుగింటి మీదా పట్టు ఉంది. ఎండీఆర్1 లోపమున్న కుక్కలకూ ఇవి ఐవర్‌మెక్టిన్ కన్నా చాలా క్షేమం. వీటికీ జాగ్రత్త ఉంది: కొన్ని కుక్కల్లో ఫిట్స్ రావచ్చని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఫిట్స్ చరిత్ర ఉన్న కుక్కకు డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లకు అసలే వద్దు. ధర ఎక్కువ, అది నిజం.

పెంపుడు కుక్కకు స్తోమత ఉంటే మాత్రే మేలంటాను. వీధికుక్క విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. ఒళ్లంతా బోడిగా, చర్మం మందంగా మారి, జనం రాళ్లతో తరిమే కుక్కను రెండు వారాలకోసారి పట్టుకుని సూది వేయించడం ఎవరి తరం? బరువు అంచనా వేసి, డాక్టరుతో మాట్లాడి, చికెన్ ముక్కలో పన్నెండు వారాల మాత్ర పెట్టి అది మింగేదాకా చూస్తే ఒక్క పూటలో పని అయిపోతుంది. వీధిలో నలుగురు కలిసి వేసుకుంటే ఆ ఖర్చు ఎవరికీ బరువు కాదు. ఆ కుక్కతో కలిసి తిరిగే కుక్కలకూ అప్పుడే ఇవ్వాలి, లేదంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటూనే ఉంటుంది. ఐదారు కుక్కలున్న చోట, డాక్టరు స్వయంగా వచ్చి చూసేటట్టయితే ఐవర్‌మెక్టిన్ సూదికే నా ఓటు.

పిడుదుల గురించి ఒక మాట. కుక్క మీద కనబడేవి కొన్నే. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి దిగి, గోడ పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుంది. మన ఇళ్లలో పరిచే కడప బండల సందులు వాటికి మంచి చోటు. సిమెంటు ఊడిన సందులు పూడ్పించకుండా కుక్కకు ఎన్ని మందులు రాసినా లాభం కొంతే.

నూనెలా, షాంపూనా?

పాత ఇంజిన్ ఆయిల్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు. కుక్క ఒళ్లు నాకుతుంది, ఆ విషమంతా కడుపులోకి పోతుంది. ఎండాకాలంలో ఆ జిడ్డు మీద దుమ్ము పట్టి చర్మం ఊపిరాడనంత ముద్ద కడుతుంది. వేపనూనె, కానుగ నూనె పురుగులను కొంత దూరంగా ఉంచుతాయేమో కానీ కుదుళ్ల లోపలున్న డెమోడెక్స్‌ను చంపలేవు. గంధకానికి గజ్జి పురుగును చంపే గుణం నిజంగానే ఉంది, పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు. అయితే ఇంట్లో చేతికొచ్చినంత కలిపి రాస్తే చర్మం కాలుతుంది.

చీము పొక్కులు, జిడ్డు వాసన ఉన్నప్పుడు క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ ఎంతో ఉపయోగం. పది నిమిషాలు నురగ ఒంటి మీద ఉండనివ్వాలి. చాలామంది రుద్దిన వెంటనే కడిగేసి, షాంపూ పనిచేయలేదంటారు. మనుషుల సబ్బు, షాంపూ కుక్కకు వద్దు: దాని చర్మం పైపొర మనకంటే పలచన.

అలర్జీ అని తేలితే

లాబ్రడార్లలో అలర్జీ బాగా ఎక్కువ. పాదాలు నాకడం, మూతి రుద్దుకోవడం, చెవులు మళ్లీ మళ్లీ చీము పట్టడం. స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ చవక, కానీ నెలల తరబడి వాడితే నీళ్లు విపరీతంగా తాగడం, ఉచ్చ ఎక్కువ పోవడం, ఒళ్లు రావడం మొదలవుతాయి. దురద తగ్గించే ఓక్లాసిటినిబ్ మాత్రలో ఆ ఇబ్బందులు తక్కువ, ధర ఎక్కువ. ఏడాది నిండని కుక్కకు ఇవ్వరు. డెమోడెక్స్ ఉంటే అదీ రోగాన్ని పెంచవచ్చు, కాబట్టి ఇక్కడా ముందు స్లైడే. తిండి మీద అనుమానముంటే రోజూ పెట్టే చికెన్, పాలు పూర్తిగా మాని, ఇంతవరకు తినని ఒకే రకం మాంసంతో ఎనిమిది వారాలు పెట్టి చూడాలి. మధ్యలో పిల్లలు ఒక్క బిస్కెట్ వేసినా లెక్క తప్పుతుంది.

పిల్లికి వేరే లెక్క

కుక్క మందు పిల్లికి రాయడం కన్నా ఏమీ రాయకపోవడమే మేలు. కుక్కల పురుగు మందుల్లో ఉండే పెర్మెత్రిన్, అమిట్రాజ్ పిల్లి ప్రాణం తీస్తాయి. ఫినాయిల్, డెట్టాల్ కలిపిన నీళ్లతో స్నానం కూడా వద్దు. పిడుదులు, ఫ్లీస్, చెవి పురుగులకు పిల్లుల కోసమే చేసిన, మెడ వెనక చుక్కలుగా వేసే మందులు దొరుకుతాయి. చెవిలో నల్లటి పొడి గులిమి, తల విదిలించడం ఉంటే చెవి పురుగులేమో చూపించండి.

పర్షియన్ పిల్లికి గుండ్రటి బోడి మచ్చలు, ఇంట్లో పిల్లల చేతుల మీద గుండ్రటి తామర కలిసి కనిపిస్తే మందుల షాపులో క్రీమ్ కొనకండి. అలా దొరికే చాలా క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వుడ్స్ లాంప్ (అతినీలలోహిత దీపం) వెలుగులో వెంట్రుకలు ఆకుపచ్చగా మెరిస్తే మైక్రోస్పోరమ్ కేనిస్ అనే తామర ఫంగస్ అయ్యే అవకాశం ఎక్కువ, మెరవకపోయినా తామర లేదనలేం. ఫంగస్ మందు ఇట్రాకొనజోల్ ఒక వారం ఇచ్చి ఒక వారం ఆపే పద్ధతిలో వాడతారు. పరుపులు, దువ్వెనలు, సోఫా కవర్లు ఉతకకపోతే రాలిన ఫంగస్ నెలల తరబడి బతికే ఉంటుంది.

ఎప్పుడు ఆపాలి?

డెమోడెక్స్‌లో ముందు జుట్టు వస్తుంది, పురుగు పోవడం ఆ తర్వాత. జుట్టు వచ్చింది కదా అని మందు ఆపినవాళ్లే మళ్లీ ఆసుపత్రి బెంచీ మీద కనిపిస్తుంటారు. నెల తేడాతో రెండుసార్లు గీకి చూసి, రెండుసార్లూ పురుగు గానీ గుడ్డు గానీ లేదని తేలాకే ఆపాలి. మొదటిసారి గీకిన చోట్లనే మళ్లీ గీకాలి. అప్పటికి జుట్టు కమ్మేసి మచ్చలు కనబడవు కాబట్టి, మొదటి రోజే వాటిని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.