ఇంజెక్షనా, స్టెంటా?

మొన్న గుండెపోటుతో మాచర్ల నుంచి గుంటూరులో మా ఆసుపత్రికి వచ్చిన ఒక పెద్దాయన చీటీ మీద ఎర్ర సిరాతో '6.40' అని రాసి ఉంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేసిన సమయం అది. ఆయన కొడుకు మాత్రం, "అక్కడ ఇంజెక్షన్‌తో కాలయాపన చేశారు డాక్టరు గారూ, నేరుగా స్టెంట్‌కే తీసుకురావలసింది" అన్నాడు. ఓపీలో రోజూ వినే మాటే.

గుంటూరులోనే ఉండి, క్యాథ్ ల్యాబ్ (గుండె నాళాల్లోకి సన్నని గొట్టం పంపి చికిత్స చేసే గది) సిద్ధంగా ఉంటే స్టెంటే, అంటే మూసుకున్న నాళాన్ని బెలూన్‌తో తెరిచి లోపల పెట్టే జాలి గొట్టం. బెలూన్‌తో పదింట తొమ్మిదిసార్లు నాళం పూర్తిగా తెరుచుకుంటుంది. ఇంజెక్షన్‌తో సగానికి కాస్త పైన. నూటికి ఒకరికి మెదడులో రక్తస్రావమూ కావచ్చు.

కానీ మాచర్ల వందకు పైగా కిలోమీటర్లు. ఈసీజీలో గుండెపోటు తేలాక 120 నిమిషాల్లో బెలూన్ అందదనుకుంటే, రక్తస్రావం భయం లేనివారికి పది నిమిషాల్లో ఇంజెక్షన్ పడాలి. దారిలో చచ్చిన కండరాన్ని ఏ స్టెంటూ బతికించదు. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

"గడ్డ కరిగిందిగా, ఇన్ని మందులెందుకు?" అనీ అడుగుతారు. ఆ ఇంజెక్షన్‌లోని మందు టెనెక్టెప్లేజ్ వల్ల పుట్టే ప్లాస్మిన్ అనే ఎంజైమ్ గడ్డలోని ఫైబ్రిన్ పోగులను తెంచుతుంది. వాటిలో చిక్కుకున్న, గడ్డ కట్టించే త్రాంబిన్ బయటపడి ప్లేట్‌లెట్లను రెచ్చగొడుతుంది. కరిగినచోటే మళ్లీ గడ్డ కట్టవచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, హెపారిన్ అందుకే. ఇంజెక్షన్ పనిచేసినా 2 నుంచి 24 గంటల్లో యాంజియోగ్రామ్ చేసేదీ అందుకే. పనిచేయకపోతే వెంటనే.

స్టెంట్ పడితే అంతా అయిపోయినట్టూ కాదు. లాకులెత్తినా పంటబోదె పూడిపోతే చివరి పొలానికి నీరందదు. గడ్డ తునకలు, వాచిన కణాలు సన్నని నాళాలను అలాగే మూసేస్తాయి. పైగా రక్తం తిరిగి పారిన తొలి నిమిషాల్లో ఫ్రీ రాడికల్స్ అనే హానికర అణువులు, కణాల్లోకి చొరబడే క్యాల్షియం కలిసి నీరసించిన కండరాన్ని ఇంకొంత గాయపరుస్తాయి. మానిటర్ మీద ఈసీజీ గీతలు ఉన్నట్టుండి వెడల్పవుతాయి, బంధువులు హడలిపోతారు. చాలాసార్లు అది నాళం తెరుచుకున్న గుర్తు, కాసేపటికి సర్దుకుంటుంది. ఈ గాయం రెండు పద్ధతుల్లోనూ తప్పదు, ఆలస్యమైనకొద్దీ ముదురుతుంది.

గడ్డ కరిగించే పాత మందు స్ట్రెప్టోకైనేజ్ చవకే గానీ, గంటసేపు ఎక్కించాలి, ఒకసారి వాడితే మళ్లీ పనికిరాదు. బైపాస్ ఆపరేషన్ మాట గుండెపోటు వచ్చిన ఆ గంటలో దాదాపు రాదు.

నాకే వస్తే? ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో కాబట్టి స్టెంటే. సంక్రాంతికి పల్నాడులోని మా ఊళ్లో ఉండగా వస్తే మాత్రం, ముందు ఇంజెక్షన్ వేయమని ఇంట్లో చెప్పి ఉంచాను.