టీచర్లకు టెక్నాలజీ నేర్పాలంటే ఏది మేలు: హాల్లో ట్రైనింగా, క్లాసులో తోడా?

మా స్కూలు బెంగళూరులో, కె.ఆర్.పురం దగ్గర. వేసవి సెలవులయ్యి బడి తెరిచేసరికి ప్రతి క్లాసులోనూ గోడకి కొత్త టచ్ ప్యానెల్ వచ్చింది. అంతకుముందు శనివారం మాకు ఒక్కరోజు ట్రైనింగ్ పెట్టారు. అరవై మందిమి హాల్లో కూర్చున్నాం. ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి చాలా బాగా చెప్పాడు. వేలితో వంకరటింకరగా గీసినా చక్కటి వృత్తమైపోతుంటే అందరం చప్పట్లు కొట్టాం.

సోమవారం రెండో పీరియడ్‌లో మా సోషల్ మేడమ్ నాకు కబురు పంపారు. ఆవిడది మదనపల్లె, ఇరవై ఆరేళ్ల సర్వీసు. నేను వెళ్లేసరికి ప్యానెల్ మీద ఇండియా మ్యాప్ స్పష్టంగా కనిపిస్తోంది. వేలితో ఎంత నొక్కినా కదలడం లేదు. నలభై మంది పిల్లలు ఆవిడనే చూస్తున్నారు. నా దగ్గరికొచ్చి, పిల్లలకు వినపడకుండా తెలుగులో అడిగారు: "నేనేమన్నా చెడగొట్టానా అమ్మా?"

చెడిపోయిందేమీ లేదు. లాప్‌టాప్‌కీ ప్యానెల్‌కీ మధ్య రెండు వైర్లు ఉండాలి. హెచ్‌డీఎంఐ వైరు బొమ్మనూ శబ్దాన్నీ ప్యానెల్‌కి పంపుతుంది. మన వేలు ఎక్కడ పడిందో లాప్‌టాప్‌కి తెలియాలంటే యూఎస్‌బీ వైరు వేరేగా పెట్టాలి. ఆ రెండోది పెట్టలేదు, అంతే. శనివారం హాల్లో రెండూ ముందే తగిలించి ఉన్నాయి. అందుకే ట్రైనింగ్ ఇచ్చిన అబ్బాయి చెప్పలేదు, మాకు అడగాలనీ తోచలేదు.

హాల్లో ట్రైనింగ్ దండగ అని నేననను. ఏమేం ఉన్నాయో తెలియాలంటే అదే మంచి దారి. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లను, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలను, నేను మొదటిసారి చూసింది అలాంటి ట్రైనింగ్‌లోనే. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పని అది. తెర మీద బ్యాటరీ, వైరు, బల్బు కలిపితే కరెంటు ఎలా పారుతుందో పిల్లలకు కళ్లకు కడుతుంది. ఆ రోజు చూడకపోతే నాకు దాని పేరు కూడా తెలిసేది కాదు. కానీ పేరు తెలియడం వేరు, నలభై మంది ముందు నిలబడి వాడటం వేరు. హాల్లో నేర్చుకున్నది వాడే రోజు వచ్చేసరికి సగం మరిచిపోతాం. మిగతా సగం మన క్లాసులోని పరికరానికి సరిపోదు.

రెండో దారి ఆన్‌లైన్ కోర్సు. బడి పాఠాలకూ టీచర్ల శిక్షణకూ కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన దీక్షా యాప్‌లో బోలెడన్ని ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లు ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ తీసుకోవాలంది కాబట్టి ఈ కోర్సులు మనకు ఎలాగూ తప్పవు. ఆపి, వెనక్కి తిప్పి, పదిసార్లు చూసుకోవచ్చు. తెలియదని ఎవరి ముందూ తలదించుకోనక్కర్లేదు. అది చిన్న విషయమేమీ కాదు. భిన్నాలు ఎలా చెప్పాలి, చదవడంలో వెనకబడ్డ పిల్లలను ఎలా పట్టుకోవాలి లాంటి వాటికి నాకు బాగా పనికొచ్చింది. పరికరం వాడకం మాత్రం అలా ఒంటబట్టదు. రాత్రి వంటిల్లు సర్దుకుని కూర్చుని చూసిన వీడియో పొద్దున క్లాసులో చేతివేళ్లకు గుర్తురాదు. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే వీడియోని అడగలేం కదా.

నేను గట్టిగా మొగ్గేది మూడో దారికి. తెలిసిన తోటి టీచరు వచ్చి క్లాసులోనే కూర్చోవడం. అమెరికాలో టీచర్ల శిక్షణ మీద పరిశోధన చేసిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల మొదట్లోనే ఈ మాట చెప్పారు. సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి, హాల్లో ప్రాక్టీసు చేయించినా సరిపోదు, క్లాసులో పక్కన ఒకరు ఉంటేనే కొత్త పద్ధతి నిలుస్తుందని. సోషల్ మేడమ్‌తో ఆరు వారాలు కూర్చున్నాక ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది.

మేము చేసింది ఇది. క్లాసుకు ముందు పది నిమిషాలు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని, ఆ రోజుకు ఒక్క పని మాత్రమే అనుకునేవాళ్లం. రెండోది ముట్టుకునేవాళ్లం కాదు. నేను చివరి బెంచీలో కూర్చునేదాన్ని. ఒకటే నియమం: మౌస్ నేను ముట్టుకోకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. మూడో వారం లాప్‌టాప్‌లో ఉన్న మ్యాప్ ప్యానెల్ మీదకు రావడం లేదు, ఖాళీ వాల్‌పేపర్ మాత్రమే కనిపిస్తోంది. విండోస్ బటన్, పి కలిపి నొక్కి డూప్లికేట్ పెడితే చాలు, లాప్‌టాప్‌లో ఉన్నదే ప్యానెల్ మీదా కనిపిస్తుంది. నా చేతులు లాగుతున్నాయి. లేచి వెళ్తే రెండు సెకన్ల పని. కానీ వచ్చేవారం మళ్లీ నేనే లేవాలి. ఆవిడ నా వైపు చూశారు, నేను వేళ్లతో పి అక్షరం గాల్లో రాసి చూపించాను. ఆవిడే నొక్కారు. మ్యాప్ వచ్చింది. ఆ రోజు తర్వాత ఆ పనికి నన్నెప్పుడూ పిలవలేదు.

నేర్చుకున్నది ఆవిడ ఒక్కరే కాదు. నదుల పాఠం రోజు పేర్లన్నీ ఉన్న రంగుల మ్యాప్ పెడదామని నేనంటే, "వద్దమ్మా, ఉత్త మ్యాప్ పెడదాం. కృష్ణ ఎక్కడ పుట్టిందో పిల్లలనే వెతకనీ" అన్నారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తప్పులు గీసి, చెరిపి, చివరికి మహాబలేశ్వర్ దాకా చేరారు. వైర్ల సంగతి నాకు తెలుసు, పాఠం సంగతి ఆవిడకు తెలుసు. హాల్లో ఈ రెండూ కలవవు.

ఈ దారిలో ఖర్చు డబ్బు కాదు, పీరియడ్లు. ఇద్దరికీ కుదరాలంటే టైమ్‌టేబుల్ వేసేటప్పుడే వారానికి ఒక పీరియడ్ వదలాలి. దానికి ప్రిన్సిపాల్ ఒప్పుకోవాలి. ఇంకో చిక్కుంది. వెనక బెంచీలో ఒకరు కూర్చుంటే ఎవరికైనా ఇన్‌స్పెక్షన్ టెన్షనే. అందుకే నేను నోట్‌బుక్ కూడా తీసుకెళ్లలేదు, ఆఫీసుకు ఏ రిపోర్టూ ఇవ్వలేదు. రిపోర్టు అడిగే స్కూల్లో ఈ పద్ధతి మొదలుపెట్టకపోవడమే మంచిది, నమ్మకం ఒకసారి పోతే మళ్లీ రాదు. స్కూల్లో తెలిసినవాళ్లు అసలు లేకపోతే ఆన్‌లైన్ కోర్సుతోనే మొదలుపెట్టాలి, అయితే ఇద్దరు కలిసి చూడాలి.

నన్నడిగితే హాల్లో ట్రైనింగ్ సగం పూట చాలు. మిగిలిన సగం పూట టీచర్లందరినీ వాళ్ల వాళ్ల క్లాసులకు పంపి, సొంత లాప్‌టాప్‌తో వైర్లు తీసి మళ్లీ పెట్టించాలి. ఆ తర్వాత ఆరు వారాలు, వారానికి ఒక పీరియడ్ తోడు.

ఇప్పుడు బుధవారాలు మూడో పీరియడ్‌లో మా కన్నడ సార్ క్లాసులో చివరి బెంచీలో సోషల్ మేడమ్ కూర్చుంటున్నారు, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని.