జాగ్రత్త: 3 ఎంఎం అని చెప్పి 1.5 ఎంఎం పైపుతో పవర్ ర్యాక్ చేసి ఇచ్చాడు

పవర్ ర్యాక్ అంటే వ్యాయామానికి బరువుల బార్‌ని ఆనించుకునే ఇనుప ఫ్రేమ్. నిన్న సాయంత్రం దాని దగ్గరే మా తమ్ముడి కాలు విరగాల్సింది. బార్ పిక్కని గీసుకుంటూ పోయి టైల్స్ మీద పడింది కాబట్టి బతికిపోయాం.

షాపు హైదరాబాద్‌లో బాలానగర్ వైపు. ర్యాకులు, బెంచీలు చేసి వీడియోలు పెడుతుంటాడు, ఇంట్లో జిమ్ పెట్టుకునేవాళ్ళకి ఎవరో అర్థమయ్యే ఉంటుంది. పేరు రాయను. డిజైన్ నాదే, కాగితం మీద గీసి ఇచ్చాను. 60×60 స్క్వేర్ పైపు, 3 ఎంఎం మందం, 7 అడుగుల నిలువు పైపులు నాలుగు, రెండు సేఫ్టీ ఆర్ములు (బార్ వదిలేస్తే ఆపే అడ్డ పైపులు), మూలల్లో ప్లేట్లు, వెల్డింగ్ చుట్టూ నిండుగా. మొత్తం 24 వేలు, అడ్వాన్స్ 12 వేలు. బిల్లు అడిగితే "ఎందుకన్నా, జీఎస్టీ పడతది" అన్నాడు. సరే అన్నాను. అక్కడే తప్పు చేశాను.

ఇంకో తప్పు కూడా నాదే. సామాను వచ్చిన రోజు ఒక్కొక్క నిలువు పైపు భుజాన వేసుకుని మూడో అంతస్తుకి నేనే ఎక్కించాను. 7 అడుగుల పైపు 3 ఎంఎం అయితే 11 కేజీలు ఉండాలి. నాకు తేలిగ్గా అనిపించింది. బోల్టు బిగిస్తుంటే పైపు లోపలికి నొక్కుకుపోయింది కూడా. రెండూ చూశాను, నల్ల పెయింట్ నిగనిగలాడుతుంటే ఆగలేదు. తమ్ముడిని దాని కింద నిలబెట్టింది నేనే. రాత్రంతా అదే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

80 కేజీల స్క్వాట్, అంటే బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం. నాలుగోసారి లేవలేక, నేను చెప్పినట్టే బార్‌ని ఆర్ముల మీదకి వదిలేశాడు. సేఫ్టీ ఉండేదే అందుకు. ఎడమది ఆగింది. కుడిది ప్లేటు దగ్గర ఊడి వచ్చేసింది.

ఊడిన ముక్క చేతిలోకి తీసుకుని చూశాను. చుట్టూ వెల్డింగ్ అని రాసిచ్చిన చోట నాలుగు మూలలా నాలుగు టాకాలు, అంటే చుక్కల్లాంటి చిన్న వెల్డింగులు ఉన్నాయి. మధ్యలో అంతా పుట్టీ, గోరుతో గీకితే పొడిగా రాలుతోంది. టాకా కింద ప్లేటు నున్నగా మెరుస్తోంది, అంటే ఇనుము కరిగి పట్టుకోనే లేదు. పల్చటి పైపుకి కరెంటు పెంచితే చిల్లు పడుతుంది, అందుకని తక్కువ కరెంటుతో అంటించి పైన పుట్టీ పూశాడు. మందం కొలిచే వెర్నియర్ పెడితే 1.5 కూడా పూర్తిగా రాలేదు.

ఈ రోజు పొద్దున్నే ఆ ముక్క తీసుకుని షాపుకి వెళ్ళాను. ఆయన వెర్నియర్ వైపు చూడనైనా లేదు.

"3 ఎంఎం అంటే రెండు దిక్కులది కలిపి తమ్మీ. ఈ దిక్కు ఒకటిన్నర, ఆ దిక్కు ఒకటిన్నర."

"అన్నా, పైపు మందం అట్లా ఎవరు లెక్కేస్తారు?" అన్నాను.

"నీకు వెల్డింగ్ వస్తదా? రాదు గదా. అయినా అంత బరువు ఎత్తుమని ఎవడు చెప్పిండు మీ తమ్మునికి?"

పనివాళ్ళు గ్రైండర్లు ఆపి చూస్తున్నారు. నాకు నోట మాట రాలేదు. పైపు మందం అంటే ఒక్క గోడ మందం, ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. డబ్బు పోతే పోయింది. ఒక మనిషి మీద ఇనుము పడిందని చెబితే "దెబ్బ తగిలిందా" అని ఒక్క మాట అడగలేదు. వచ్చేస్తుంటే వెనక నుంచి పనివాడికి చెబుతున్నాడు, "తర్వాతది కట్ చెయ్" అని. గోడకి ఇంకో రెండు ర్యాకులు ఆనించి ఉన్నాయి. ఎవరివో తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎక్కడ చేయించినా పైపుని కాంటా వేయించండి. 60×60, 3 ఎంఎం పైపు 20 అడుగులకి సుమారు 32 కేజీలు తూగాలి, 1.5 ఎంఎం అయితే 17 దాటదు. వేరే సైజు స్క్వేర్ పైపు అయితే, వెడల్పులోంచి మందం తీసేసి, దాన్ని మందంతో, ఆ తర్వాత 0.0314తో గుణించండి, మీటరుకి ఎన్ని కేజీలో వస్తుంది. కొలతలు ఎంఎంలో ఉండాలి. వీలైతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పైపు మీరే కొని ఇవ్వండి. బిల్లు వదలొద్దు. నా దగ్గర వాట్సాప్‌లో "3 ఎంఎం ఓకే" అన్న మెసేజ్, డబ్బు పంపిన రసీదు మాత్రమే ఉన్నాయి, వాటితోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను.

ఆయనకి అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ రోజే వెళ్ళండి. పెయింట్ పడకముందే చూడండి.