ఫీమా బీసీఏ టూల్‌కిట్: ఆరేళ్లు వాడాక

నేను టెక్సాస్‌లో చిన్న కన్సల్టింగ్ ఆఫీసులో పనిచేస్తా, ఊళ్ల నీటి ప్లాంట్లు, డ్రైనేజీ పంప్ స్టేషన్లు వరదకి మునగకుండా ఎత్తు పెంచడం, జనరేటర్లు పెట్టించడం, వీటికి ఫెడరల్ గ్రాంట్ అప్లికేషన్లు రాయడం మా పని. గ్రాంట్ వస్తే ఖర్చులో మామూలుగా 75 శాతం ఫెడరల్ ప్రభుత్వానిది, 25 శాతం ఊరిది. కాకపోతే ముందు బీసీఆర్ (లాభాన్ని ఖర్చుతో భాగిస్తే వచ్చే అంకె) 1 కి తగ్గకూడదు, అంటే పెట్టే డాలరుకి కనీసం డాలరు నష్టం తప్పుతుందని చూపించాలి. ఆ లెక్క చేసేదే ఈ టూల్, అమెరికా విపత్తుల ఏజెన్సీ ఫీమా ఇచ్చే బీసీఏ (లాభ-ఖర్చుల లెక్క) టూల్‌కిట్, 6.0 వెర్షన్ నుంచి ఎక్సెల్‌లోనే నడుస్తుంది, ఫ్రీ.

మొదట్లో నేను మునిగిన పంపుల రేట్లు వేసుకుంటూ కూర్చునేవాణ్ణి, ఎంత వేసినా బీసీఆర్ 0.2 దగ్గరే ఆగేది. తర్వాత తెలిసొచ్చింది, అసలు బరువంతా సర్వీసు ఆగిపోవడంలో ఉందని. ఎంతమందికి నీళ్లు ఆగాయి, ఎన్ని రోజులు, మనిషికి రోజుకి ఇంత అని రేటు టూల్‌లోనే ఉంటుంది. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు మా టెక్సాస్‌లోనే బ్యూమాంట్‌లో నెచెస్ నది మీది పంపులు మునిగి లక్ష పైచిలుకు జనం ఉన్న ఊళ్లో కుళాయిలు ఆగిపోయాయి కదా, అలాంటి చోట పంపుల ఖరీదు ఓ మూలకి కూడా రాదు.

నాకు ఒళ్లు మండేది మాత్రం డిస్కౌంట్ రేటు, అంటే ముందు ముందు తప్పే నష్టాన్ని ఏడాదికింత అని తగ్గించి ఇవాళ్టి విలువ కట్టే శాతం. చాన్నాళ్లు 7 శాతమే. ఏడాదికి లక్ష డాలర్ల నష్టం తప్పించే పని, 50 ఏళ్ల ఆయుష్షు, ఖర్చు 20 లక్షలు అనుకోండి, 7 శాతానికి బీసీఆర్ 0.69, ఫైలు అక్కడే చచ్చింది. 2024లో 3.1 చేశాక అదే పని 1.26. కాంక్రీటు మారలా, వరద మారలా!

ఇంకోటి, పాత నష్టాలకి కాగితం కావాలి. ఒక ఊళ్లో అడిగితే బిల్లులు పెట్టిన బీరువా కూడా ఆ వరదలోనే తడిసిపోయిందన్నారు, నవ్వాలో ఏడవాలో తెలీలేదు. చివరికి ప్లాంట్ ఆపరేటర్ ఒకాయన ట్రక్కులో జిడ్డు మరకల నోట్‌బుక్ తీశాడు, ఏ రోజు ఎన్ని గ్యాలన్ల డీజిల్ పోశాడు, ఏ పూట నీళ్లు వదిలాడు, అన్నీ పెన్సిల్‌తో రాసిపెట్టుకున్నాడు. పేజీ పేజీ ఫోన్లో ఫొటో తీసి అటాచ్ చేశాం. మా ఆఫీసు మొత్తంలో అంత బాగా డాక్యుమెంటేషన్ చేసేవాళ్లు లేరు, నాతో కలిపి.

వరదకి, గాలివానకి అయితే కళ్లు మూసుకుని వాడొచ్చు. కావాలని చేసే దాడులకి పనికిరాదు. 2013లో కాలిఫోర్నియాలో మెట్‌కాఫ్ సబ్‌స్టేషన్ మీద రైఫిళ్లతో కాల్చి 17 ట్రాన్స్‌ఫార్మర్లు పాడుచేశారు, దానికి గోడ కట్టాలంటే ఇలాంటిది ఎన్నేళ్లకోసారి వస్తుందని టూల్ అడిగే గడిలో ఏ అంకె వేస్తాం?